ప్రేమాస్వరూపియైన దేవుడు, ఆరని అగ్ని

“దేవుడు ప్రేమాస్వరూపి” అని యోహాను బైబిలులోని తన మొదటి పత్రికలో, అంటే లేఖలో, రాశాడు. దేవరకొండ నుంచి గద్వాల దాకా ఎన్నో చర్చిల గోడల మీద ఈ మాట కనిపిస్తుంది. ఆ చర్చిల ఆవరణల్లోనే ఎండాకాలం ఉజ్జీవ సభలు జరుగుతాయి. గోడ మీది వాక్యాన్ని మనసారా నమ్మే బోధకుడే ఆ సభల్లో నిలబడి, మారుమనస్సు పొందనివారు ఆరని అగ్నిలో యుగయుగాలు కాలుతూనే ఉంటారని చెబుతాడు. ఈ రెండు మాటలనూ ఒకచోట పెట్టి ఆలోచించిన ఎవరికైనా ఒక ప్రశ్న తప్పదు: ఎంత కోపిష్ఠి తండ్రైనా కన్నబిడ్డకు చేయని పనిని ప్రేమే స్వభావంగా గల దేవుడు ఎలా చేస్తాడు? ఈ ప్రశ్న అవిశ్వాసం వల్లనే పుడుతుందని అనుకోవడం తప్పు. దేవుని ప్రేమను లోతుగా నమ్మినవారినే ఇది ఎక్కువగా కలచివేస్తుంది. అలాంటివారిని “సందేహించకు, విశ్వసించు” అని గదమాయించి పంపడం వారి విశ్వాసానికి మేలు చేయదు.

అసలు చిక్కు ఎక్కడుందో ముందు చూడాలి. మనుషులందరూ రక్షణ పొందాలని దేవుడు కోరుతున్నాడని పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది. దేవుడు తలపెట్టినదాన్ని నెరవేర్చగల సర్వశక్తిమంతుడని బైబిలంతా చెబుతుంది. కొందరు మాత్రం నిత్యశిక్షకు పోతారని మత్తయి సువార్త 25వ అధ్యాయంలో యేసే అంటాడు. ఈ మూడింటిలో ఏ రెండింటిని కలిపి నమ్మినా ఇబ్బంది లేదు. మూడూ కలిసినప్పుడే ముడి బిగుసుకుంటుంది. క్రైస్తవ వేదాంతులు దాన్ని విప్పబోయిన ప్రతిసారీ ఏదో ఒక పోగును కొంత వదులు చేయక తప్పలేదు. రక్షించే ప్రేమ ఎన్నుకోబడినవారికే అన్నవారు మొదటిదాన్ని వదులు చేశారు. మనిషి స్వేచ్ఛ ముందు దేవుడు తన శక్తిని తానే ఆపుకొంటాడన్నవారు రెండోదాన్ని, నరకానికి ఏదో ఒకనాడు ముగింపు ఉందన్నవారు మూడోదాన్ని వదులు చేశారు. ఎవరు దేన్ని సడలించారో, అందుకు ఏ మూల్యం చెల్లించారో గమనిస్తే ఈ చర్చ సగం అర్థమవుతుంది.

తెలుగు శ్రోత విషయంలో ఇంకో పొర కూడా ఉంది. నరకం అనగానే మన మనసులో మెదిలే బొమ్మ బైబిలు నుంచి వచ్చింది కాదు. కాగే నూనె, యమభటులు, చిత్రగుప్తుడి చిట్టా, ఒక్కో పాపానికి ఒక్కో యాతన, ఇవన్నీ గరుడ పురాణం నుంచి, పటం కథల నుంచి, యముడి సినిమాల నుంచి మనలోకి దిగినవి. ఆ నరకంలో రెండు కట్టుబాట్లు ఉన్నాయి. శిక్ష చేసిన పాపానికి తగినంతే ఉంటుంది. అనుభవించడం పూర్తయ్యాక జీవుడు అక్కడి నుంచి విడుదలై మళ్లీ పుడతాడు. మన తాతముత్తాతలు ఎరిగిన నరకానికి అలా ఒక తుది ఉండేది. సువార్త ఈ నేలకు వచ్చాక పాత బొమ్మలోని నూనె కొప్పెర అలాగే మిగిలిపోయింది, విడుదల మాత్రం పోయింది. పురాణ నరకంలోని చిత్రహింసకు బైబిలు తీర్పులోని శాశ్వతత్వాన్ని జోడించి, రెండు సంప్రదాయాల్లోనూ లేనంత క్రూరమైన చిత్రాన్ని మనం తయారు చేసుకున్నామని నా అభిప్రాయం. ఐరోపా మధ్యయుగాల చర్చి గోడల మీద గీసిన దయ్యాలు, శూలాలు కూడా ఇలా పాత జానపద ఊహలు బైబిలు మాటలతో కలిసిపోయి పుట్టినవే.

బైబిలు వైపు తిరిగితే మొదట కనిపించేది పాత నిబంధనలోని మౌనం. అక్కడి పాతాళం నీతిమంతులూ దుర్మార్గులూ అందరూ చేరే చీకటి తావు. యాకోబు తన కొడుకు కోసం ఏడుస్తూ తానూ అక్కడికే దిగిపోతానంటాడు. సువార్తల్లో యేసు చెప్పిన నరకానికి మూలం వేరు. అది యెరూషలేముకు దక్షిణాన నేటికీ ఉన్న హిన్నోము లోయ. ఆహాజు, మనష్షే అనే యూదా రాజులు ఆ లోయలో తమ బిడ్డలను అగ్నిలో దహించి బలి ఇచ్చారు. తరువాత వచ్చిన యోషీయా రాజు ఇక ఎవరూ అలా చేయకుండా ఆ స్థలాన్ని అపవిత్రం చేశాడు. అదొక చెత్తకుప్ప అని, అక్కడ ఎప్పుడూ మంట మండుతుండేదని ప్రసంగాల్లో తరచుగా చెబుతుంటారు గాని, ఆ మాట మనకు మొదట కనిపించేది 1200 ప్రాంతపు ఒక యూదు వ్యాఖ్యాత రచనలోనే. యేసు కాలానికి దానికి ఆధారం లేదు. లోయ భయంకరమైనది చెత్త వల్ల కాదు, అక్కడ కాలిన పిల్లల వల్ల. ఆ బలుల గురించి యిర్మీయా 7వ అధ్యాయంలో దేవుడు అన్న మాట ఈ చర్చకే కీలకం: అలాంటిది తాను ఆజ్ఞాపించలేదని, అది తన మనసుకు తోచను కూడా లేదని ఆయన అంటాడు. బిడ్డలను అగ్నిలో వేయడం తన తలపులోకే రాలేదన్న దేవునికి, ఆ పనినే నిత్యకృత్యంగా అంటగట్టే బోధ ఈ వచనం ముందు ఆగి జవాబు చెప్పుకోవాలి.

అంతమాత్రాన యేసు హెచ్చరికలను తేలిక చేయడానికి వీల్లేదు. కొత్త నిబంధనలో నరకం గురించి అందరికంటే ఎక్కువగా మాట్లాడింది ఆయనే. అయితే ఆయన వాడిన చిత్రాలు ఒకదానితో ఒకటి పొసగవు: ఒకచోట అగ్ని, మరోచోట వెలుపటి చీకటి, ఒకచోట చావని పురుగు, ఇంకోచోట మూసిన తలుపు. మంట ఉన్నచోట కటిక చీకటి ఉండదు. వీటిని అక్షరాలా ఒకే పటంలో గీయడం కుదరదు కాబట్టి, మాటల్లో పట్టని ఒక నష్టాన్ని అవి నాలుగు వైపుల నుంచి చూపిస్తున్నాయని అనుకోవాలి. అంతకంటే ముఖ్యం, ఆయన ఈ మాటలు ఎవరితో అన్నాడన్నది. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీతో అనలేదు, సమరయ స్త్రీతో అనలేదు, పక్కన సిలువ మీదున్న దొంగతో అనలేదు. పరిసయ్యులనే యూదు మతనిష్ఠాపరులతో, తన సొంత శిష్యులతో, వాకిట్లో బీదవాడిని పెట్టుకొని విందులు చేసుకున్న ధనవంతుల గురించి అన్నాడు. మన సభల్లో నరకం గురించిన ప్రసంగం ఎప్పుడూ చర్చి బయటివారి వైపు వేలు చూపిస్తుంది. సువార్తల్లో ఆ వేలు ఎక్కువగా లోపలివారి వైపే ఉంది.

లూకా 16వ అధ్యాయంలోని ధనవంతుడు, లాజరుల కథను నల్లగొండ నేల మీద చదివితే ఒక ప్రత్యేకమైన వెలుగు పడుతుంది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి నల్లగొండ జిల్లా కేంద్రంగా నిలిచిందంటే, అందుకు ఒక ముఖ్య కారణం ఇక్కడి వెట్టిచాకిరి. దొర గడీ ఒకవైపు, “బాంచెన్ దొరా, కాల్మొక్తా” అన్న బతుకు మరొకవైపు. గడీల కథల్లో దొరకు పేరుంటుంది, వెట్టివాడికి ఉండదు. యేసు చెప్పిన కథలో బీదవాడికే లాజరు అని పేరుంది, ధనవంతుడికి లేదు. చనిపోయాక పాతాళంలో యాతన పడుతున్న ఆ ధనవంతుడు ఏమి అడుగుతున్నాడో చూడండి. వేలికొన నీళ్లలో ముంచి తన నాలుకను చల్లార్చడానికి లాజరును పంపమని అబ్రాహామును అడుగుతాడు. అది కుదరదన్నాక తన ఐదుగురు సహోదరుల దగ్గరికి లాజరును పంపమంటాడు. బతికున్నప్పుడు వాకిట్లో పడి ఉన్న మనిషిని చూడనివాడికి, ఇప్పుడు అతని పేరు కూడా తెలుసు. అయినా ఒక్కసారి కూడా అతనితో నేరుగా మాట్లాడడు. ఇప్పటికీ అతడు పనికి పంపదగిన మనిషే. తనను బయటికి తీయమని ధనవంతుడు అడగలేదు, క్షమించమనీ అడగలేదు, లాజరు పుండ్ల గురించి ఒక్క మాటా అనలేదు. మంటల్లో ఉండి కూడా వెట్టి పురమాయిస్తున్న దొర అతడు.

ధనవంతుడికీ, అబ్రాహాము దగ్గరున్న లాజరుకూ మధ్య ఉందని కథ చెప్పే మహా అగాధం ఎవరు తవ్వారన్న ప్రశ్నకు ఈ వివరాలే జవాబు చెబుతున్నాయని నేను నమ్ముతున్నాను. గడీ తలుపుకూ వాకిట్లోని బీదవాడికీ మధ్య ఉండిన దూరమే చావు తరువాత కొలత మారకుండా అక్కడ నిలిచింది. ఇంకో చిన్న మాట కూడా గమనించదగినది: ఆ స్థితిలో ఉన్నవాడిని కూడా అబ్రాహాము “కుమారుడా” అనే పిలుస్తాడు. ఈ కథ చివరి తీర్పు తరువాతి స్థితిని గాక, మరణానికీ తీర్పుకూ మధ్య స్థితిని చెబుతుందని చాలామంది పండితుల అభిప్రాయం. అయినా యేసు దృష్టిలో నాశనమంటే ఎలాంటిదో తెలుసుకోవడానికి ఇంతకంటే దగ్గరి చిత్రం లేదు.

ప్రేమకూ తీర్పుకూ ఉన్న సంబంధం కూడా ఇక్కడే బయటపడుతుంది. ప్రేమ గల దేవుడు ఎవరినీ శిక్షించకూడదని తేలిగ్గా అనగలిగేవాడు, బహుశా అన్యాయం వల్ల పెద్దగా నష్టపోనివాడై ఉంటాడు. తన తల్లి వెట్టి పొలంలో నెలలు నిండని బిడ్డను కని, పాలివ్వడానికి కూడా సెలవు దొరకక ఏడ్చిన కథ విన్నవాడికి, దేవుడు ఆ దొరనూ ఆ తల్లినీ ఒకే చూపు చూసి ఊరుకుంటాడంటే అది ప్రేమగా వినిపించదు. లాజరును ప్రేమించే దేవుడు లాజరుకు జరిగినదాని మీద కోపగించకుండా ఉండలేడు. అందుకే ప్రవక్తల గ్రంథాల్లో దేవుని ఉగ్రత ఎక్కువగా బీదల భూములు లాక్కున్నవారి మీద, దొంగ తూకాలు వేసినవారి మీద, విధవల ఇళ్లు మింగినవారి మీద కురుస్తుంది. ఉగ్రత దేవుని ప్రేమకు ఎదురు నిలిచే మరో గుణం కాదు. నలిగినవారి పక్షాన నిలబడిన ప్రేమ నలిపినవాడికి అలా ఎదురవుతుంది.

మత్తయి 25వ అధ్యాయంలో, కాపరి గొర్రెలను మేకల నుంచి వేరు చేసినట్టు జనులను వేరు చేసే తీర్పు దృశ్యం కూడా ఇదే దారిలో నడుస్తుంది. పాలమూరు వైపు కలిసి మేసే మందలను చూసినవారికి ఈ దృశ్యం తెలిసినదే. గొర్రె తల వంచి నేల మీది గడ్డి కొరుకుతూ పోతుంది. మేక ముందరి కాళ్లెత్తి తుమ్మకొమ్మకు, రేగుకొమ్మకు మెడ చాస్తుంది. మేక తోక పైకి లేచి ఉంటుంది, గొర్రె తోక కిందికి వేలాడుతుంది. దూరం నుంచి చూసేవాడికి అంతా ఒకటే మంద, కురుమ పెద్దమనిషికి మాత్రం మసక చీకట్లోనూ ఏది ఏదో తెలుస్తుంది. యేసు చెప్పిన దృశ్యంలో వింత ఏమిటంటే, తాము ఎందుకు ఆ వైపు ఉన్నామో గొర్రెలకూ తెలియదు, మేకలకూ తెలియదు. “ప్రభువా, నిన్ను ఎప్పుడు చూశాం?” అని రెండు గుంపులూ ఆశ్చర్యపోతాయి. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం, చెరసాలలో ఉన్నవాడిని చూడబోవడం, పరదేశిని ఇంట్లో చేర్చుకోవడం, ఇవే ఆ తీర్పుకు గీటురాళ్లు. ఒక్క వివరం చాలామంది దృష్టికి రాకుండా జారిపోతుంది. నీతిమంతులకు ఇచ్చే రాజ్యం లోకం పుట్టినది మొదలు “మీకొరకు” సిద్ధపరచినది. అగ్ని మాత్రం అపవాదికీ (సాతానుకూ) వాని దూతలకూ సిద్ధపరచినది. మనిషి కోసం దేవుడు నరకాన్ని సిద్ధం చేశాడని ఆ వాక్యంలో లేదు.

అయినా అది నిత్యశిక్ష అని అదే అధ్యాయం ముగింపులో ఉంది కదా అన్న ప్రశ్న మిగులుతుంది. ఐదో శతాబ్దపు తొలి దశకాల్లో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్పు అగస్టీను ఈ వచనాన్నే పట్టుకున్నాడు. “వీరు నిత్యశిక్షకును నీతిమంతులు నిత్యజీవమునకును పోవుదురు” అన్నప్పుడు, జీవం అంతులేనిదైతే శిక్ష కూడా అంతులేనిదే కావాలి, ఒకే వాక్యంలో ఒకే మాటకు రెండు కొలతలు ఉండవు అన్నది ఆయన వాదం. పాశ్చాత్య క్రైస్తవం ఎక్కువగా ఆ దారినే నడిచింది. కొద్దికాలపు పాపానికి అంతులేని శిక్ష ఎలా న్యాయమన్న ప్రశ్నకు, 11వ శతాబ్దపు అన్సెల్ము ఆలోచనల మీద, 13వ శతాబ్దపు థామస్ అక్వీనాసు రచనల మీద ఆధారపడి ఒక జవాబు స్థిరపడింది: నేరం ఎంత పెద్దదన్నది ఎవరి పట్ల చేశామన్నదాన్ని బట్టి ఉంటుంది, దేవుడు అనంతుడు గనుక ఆయన పట్ల చేసిన నేరమూ అనంతమే.

ఈ వాదాన్ని నేను ఒప్పుకోలేను. ఎవరి పట్ల తప్పు చేశామన్నదాన్ని బట్టి శిక్ష పెరగడం ఐరోపా భూస్వామ్య న్యాయం. మన గడీల న్యాయం కూడా అదే. తోటి కూలీని తిడితే పంచాయతీ, దొరను తిడితే చెట్టుకు కట్టి కొరడా. మోషే ధర్మశాస్త్రం కంటికి కన్ను అని శిక్షకు హద్దు గీసింది, దేవుడు పక్షపాతి కాడని చెప్పింది. యేసు సైతం లూకా 12వ అధ్యాయంలో, యజమాని చిత్తం ఎరిగి చేయనివాడికి అనేకమైన దెబ్బలు, ఎరుగక తప్పు చేసినవాడికి కొద్ది దెబ్బలే అంటాడు. తీర్పు మనిషికి తెలిసినదాన్ని బట్టి హెచ్చుతగ్గులుగా ఉంటుందన్న ఈ మాట మన ప్రసంగాల్లో వినిపించడం అరుదు. శాశ్వత నరకాన్ని సమర్థించాలంటే దీనికంటే గట్టి దారి వేరే ఉంది, దానికి కాసేపటిలో వస్తాను.

రెండో దారి పునరుద్ధరణ. అలెగ్జాండ్రియాలో సుమారు 185లో పుట్టిన ఓరిగెను, దేవుని అగ్ని శుద్ధి చేసేదని, చివరకు సమస్త సృష్టీ దేవుని దగ్గరికి తిరిగి వస్తుందని ఆశించాడు. “ఆదామునందు అందరు ఏలాగు మృతిపొందుచున్నారో, ఆలాగుననే క్రీస్తునందు అందరు బ్రదికింపబడుదురు” అన్న పౌలు మాట ఈ పక్షానికి ఆధారం. నాలుగో శతాబ్దంలో నూస్సా బిషప్పు గ్రెగరీ ఇదే ఆశను బోధించాడు. తన కాలంలో ఇలా ఆశించే క్రైస్తవులు చాలామంది ఉన్నారని అగస్టీనే రాసి పెట్టాడు. 543లో జస్టీనియన్ చక్రవర్తి ఓరిగెను బోధను ఖండిస్తూ శాసనం చేశాడు. 553 నాటి కాన్‌స్టాంటినోపుల్ మహాసభతో ఆ ఖండన ముడిపడింది. గ్రెగరీని మాత్రం ఎవరూ ఖండించలేదు, తూర్పు పడమటి సంఘాలు రెండూ ఆయనను నేటికీ పరిశుద్ధుడిగానే గౌరవిస్తున్నాయి.

ఈ చరిత్రకు మన ప్రాంతంతో అనుకోని బంధం ఒకటుంది. 1890 ప్రాంతంలో నల్లగొండలో పని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరన్ (ఎంబీ) మిషనరీ. తరువాత అమెరికా నుంచి వచ్చిన అదే సంఘం జడ్చర్ల, దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాలలో వేళ్లూనింది. నేటి ఎంబీ చర్చిలన్నీ ఆ వృక్షానివే. మెన్నొనైట్లు పదహారో శతాబ్దపు అనబాప్తిస్టుల, అంటే పసిపిల్లల బాప్తిస్మాన్ని ఒప్పుకోని సంస్కరణవాదుల, వారసులు. 1530లో లూథరన్లు ఆగ్స్‌బర్గ్‌లో చక్రవర్తికి సమర్పించిన విశ్వాస ప్రకటన 17వ అధికరణం, నశించినవారి శిక్షకు అంతం ఉంటుందని చెప్పే అనబాప్తిస్టులను పేరు పెట్టి ఖండించింది. వారిలో ఎక్కువమంది అలా బోధించలేదు, పాలమూరుకు వచ్చిన మిషనరీలు అసలే బోధించలేదు. కాని ఈ ప్రశ్న అడగడమే దుర్బోధ అని ఎవరైనా అన్నప్పుడు, మన సంఘాల పూర్వీకుల మీద కూడా ఒకప్పుడు ఇదే నింద పడిందని గుర్తు చేయవచ్చు. పునరుద్ధరణ ఆశ నాకూ ప్రియమైనదే. అయితే దాన్ని సిద్ధాంతంగా ప్రకటిస్తే యేసు హెచ్చరికలు ఉత్త బెదిరింపులుగా మిగులుతాయి, లాజరు కన్నీళ్లకూ ధనవంతుడి విందుకూ చివరకు ఒకే లెక్క అవుతుంది. దేవుని ముందు ప్రార్థనగా పెట్టదగిన మాటను ఆయన తరఫున వాగ్దానంగా ఇచ్చే అధికారం మనకు లేదు.

మూడో దారి, దుష్టులు యాతనలో నిలిచి ఉండరు, పూర్తిగా లేకుండా పోతారన్నది. సెవెంత్ డే అడ్వెంటిస్టులు మొదటి నుంచీ ఇది నమ్ముతారు. ఇంగ్లండులోని ఎవాంజెలికల్ బోధకుడు జాన్ స్టాట్ కూడా 1988లో జాగ్రత్తగా ఇటు మొగ్గాడు. పాపానికి జీతం మరణమన్న మాట, ఆత్మను దేహాన్ని నరకంలో నశింపజేయగలవాడన్న మాట దీనికి అండగా ఉన్నాయి. అంతులేని యాతన అన్న బరువును ఇది దించుతుంది గాని, తాను ప్రేమించి చేసినదాన్ని దేవుడు చివరకు తుడిచివేస్తాడన్న దుఃఖాన్ని దించలేదు.

ఇందాక చెప్పిన గట్టి దారి ఇది. ఏడో శతాబ్దంలో నీనెవె బిషప్పుగా కొద్దికాలం ఉన్న ఇసాకు అనే సన్యాసి, నరకంలో ఉన్నవారు దేవుని ప్రేమకు దూరమయ్యారనుకోవడం తప్పని రాశాడు. అక్కడ వారిని బాధించే కొరడా ప్రేమే అన్నాడు ఆయన. పరలోకంలో ఉన్నవారికి ఆనందమైన ప్రేమే, దాన్ని కాలదన్నినవారికి తాళలేని బాధ. కళ్లకలక వచ్చినవాడికి ఉదయపు ఎండ ముళ్లలా గుచ్చుతుంది. సూర్యుడు వాడి మీద పగబట్టలేదు. ఈ దారిలో నరకం శాశ్వతమయ్యేది చేసిన పాపాలకు లెక్క కట్టినందువల్ల కాదు, తిరస్కారం ఆగనందువల్ల. 1992లో వెలువడిన కథోలిక సత్యోపదేశ గ్రంథం నరకాన్ని దేవుని సహవాసం నుంచి మనిషి తనను తానే శాశ్వతంగా వెలివేసుకునే స్థితి అని నిర్వచించింది. 1999 జులై 28న రెండవ జాన్ పాల్ పోపు ఆ మాటనే విశ్వాసులకు వివరించాడు. ఎంతోమందిని పరిశుద్ధులుగా ప్రకటించిన ఆ సంఘం, ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని ఇంతవరకు ఒక్కరి గురించి కూడా అధికారికంగా ప్రకటించలేదు.

తప్పిపోయిన కుమారుడి కథలో పెద్ద కొడుకు ఈ స్థితికి సరైన బొమ్మ. ఇంట్లో విందు జరుగుతోంది, వాద్యాలు వినిపిస్తున్నాయి, తలుపు తెరిచే ఉంది. పొలం నుంచి వచ్చిన పెద్దవాడు, ఇల్లు విడిచిపోయి తిరిగొచ్చిన తమ్ముడిని చేర్చుకున్నారన్న కోపంతో లోపలికి రానంటాడు. అతడు తాగుబోతు కాడు, తిరుగుబోతు కాడు, ఏనాడూ తండ్రి ఆజ్ఞ మీరనివాడు. తండ్రి చేసిన పని గుర్తుపెట్టుకోవాలి: అతిథులను వదిలి, తానే వెలుపలికి వచ్చి, బతిమాలాడు. రెక్క పట్టి లోపలికి ఈడ్వలేదు. ఈడ్చినా అది అతనికి విందు అయ్యేది కాదు. తండ్రి అతడిని కూడా “కుమారుడా” అనే పిలుస్తాడు. అతడు లోపలికి వెళ్లాడో లేదో చెప్పకుండానే యేసు కథ ఆపేశాడు.

స్వేచ్ఛ అనే ఈ జవాబుకూ లోపం ఉంది, దాన్ని దాచకూడదు. నిజంగా తెలిసి, కళ్లు తెరిచి, ఎవరైనా శాశ్వత నష్టాన్ని ఎంచుకుంటారా? తెలియక ఎంచుకుంటే అది స్వేచ్ఛ ఎలా అవుతుంది? పసితనం నుంచి దెబ్బలు తింటూ పెరిగి ఎవరినీ నమ్మలేనివాడు దేవుణ్నీ నమ్మలేకపోతే అది అతని తిరస్కారమా, అతని గాయమా? గుడుంబాకు బానిసైన మనిషి చిత్తం ఎంతవరకు అతనిది? పనికోసం బొంబాయికి, పూణెకు వలసపోయి అక్కడే చితికిపోయిన పాలమూరు కుటుంబాల్లో ఇలాంటి జీవితాలు ఎన్నో ఉన్నాయి. గాయానికీ తిరస్కారానికీ మధ్య గీత ఎక్కడుందో మనుషులెవరూ చూడలేరు. “సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా” అని అబ్రాహాము నాశనం కానున్న సొదొమ పట్టణం కోసం దేవుణ్ని నిలదీసిన మాటను ఇక్కడ ఆశగా పట్టుకోవడం తప్ప వేరే దారి లేదు.

ఇక్కడి సంఘాల్లో ఈ ప్రశ్న సిద్ధాంతంగా రాదు. దక్షిణ తెలంగాణలో చాలా క్రైస్తవ కుటుంబాలకు విశ్వాసం మూడు నాలుగు తరాలది. కొన్నింటికి ఈ తరంతోనే మొదలు. ఎవరైనా ప్రభువునందు నిద్రించాక, అంటే చనిపోయాక, జరిగే ఆదరణ కూడికలో ప్రసంగం అయిపోయి, షామియానా కింద బంతి భోజనాలు వడ్డిస్తున్న వేళ, ఒక పెద్దామె బోధకుడిని పక్కకు పిలిచి అడుగుతుంది: “అయ్యగారూ, మా అమ్మ ఈ వాక్యం ఇనకముందే పోయింది. ఆమె యాడున్నట్టు?” ధర్మశాస్త్రం లేని అన్యజనుల హృదయాల్లో కూడా ధర్మం రాయబడి ఉందని, వారి మనస్సాక్షి సాక్ష్యమిస్తుందని రోమా పత్రిక 2వ అధ్యాయం చెబుతుంది. రెండో శతాబ్దంలోనే జస్టిన్ అనే హతసాక్షి, వివేకంతో జీవించిన సోక్రటీసు వంటివారిని క్రీస్తుకు చెందినవారిగా లెక్కించాడు. తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివారు, మనస్సాక్షి ప్రకారం దేవుణ్ని వెదికితే రక్షణ పొందవచ్చని కథోలికుల రెండవ వాటికన్ మహాసభ 1964లో ప్రకటించింది. క్రీస్తు చెరలో ఉన్న ఆత్మలకు ప్రకటించాడని, మృతులకు కూడా సువార్త ప్రకటింపబడిందని పేతురు మొదటి పత్రికలో ఉంది. తూర్పు సంఘాల పునరుత్థాన చిత్రాల్లో క్రీస్తు సమాధి నుంచి ఒంటరిగా లేవడు. విరిగిపడిన పాతాళ ద్వారాల మీద నిలబడి, ఆదామునూ హవ్వనూ మణికట్టు పట్టి పైకి లాగుతుంటాడు. ఆ పెద్దామె తల్లి నరకంలో ఉందని చెప్పే హక్కు ఏ బోధకుడికీ లేదు. ఆమెను పుట్టించిన దేవుడు ఆమె కూతురి కంటే ఎక్కువగా ఆమెను ప్రేమించాడని, ఆమెకు తెలిసినదాన్ని బట్టే తీర్పు తీరుస్తాడని చెప్పే ఆధారం మాత్రం లేఖనాల్లోనే ఉంది.

భయపెట్టి రక్షించడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. నరకంలో నశింపజేయగలవానికి భయపడుడి అని మత్తయి 10వ అధ్యాయంలో యేసు అన్న వాక్యాన్ని మన సభల్లో గొంతెత్తి చదువుతారు, అక్కడితో ఆపేస్తారు. వెంటనే వచ్చే మాటలు పిచ్చుకల గురించినవి: కాసుకు రెండు అమ్ముడుపోయే పిచ్చుకల్లో ఒక్కటైనా తండ్రి సెలవు లేక నేల పడదు, మీ తలవెంట్రుకలన్నీ లెక్కింపబడి ఉన్నాయి, కనుక భయపడకుడి. ఒకే ఊపిరిలో చెప్పిన మాటను రెండుగా చీల్చి, మొదటి సగాన్ని పిల్లలకు వినిపిస్తే, వారి మనసులో మిగిలేది తండ్రి కాదు, పోలీసు. హెచ్చరించే హక్కు ఎవరికుందో కొలవడానికి పౌలు ఒక గీత గీశాడు: తన సొంత జనం కోసం, క్రీస్తు నుంచి తానే వేరై శాపగ్రస్తుడు కావడానికైనా సిద్ధమని రోమా పత్రికలో రాశాడు. యెరూషలేము నాశనాన్ని ప్రవచించినప్పుడు యేసు ఆ పట్టణాన్ని చూసి ఏడ్చాడు. నరకం గురించి చెబుతూ గొంతు పూడుకుపోని బోధకుడు, తాను చెబుతున్నది ఏమిటో ఇంకా తెలుసుకోలేదు.

రక్షణ పొందేవారు కొద్దిమందేనా అని ఒకడు యేసును దారిలో సూటిగా అడిగాడు. లూకా 13వ అధ్యాయంలో ఉందది. యేసు లెక్క చెప్పలేదు. ఇరుకు ద్వారం గుండా లోపలికి పోవడానికి మీరు పోరాడండి అని, అడిగినవాడి వైపే ప్రశ్నను తిప్పాడు. నీ సముఖంలో తిన్నాం, తాగాం, మా వీధుల్లో నువ్వు బోధించావు అని చెప్పుకునేవారు బయట ఉండిపోతారన్నాడు. ఆ తరువాత తూర్పు నుంచి, పడమర నుంచి, ఉత్తరం నుంచి, దక్షిణం నుంచి జనులు వచ్చి దేవుని రాజ్యంలో భోజన పంక్తిన కూర్చుంటారని, కడపటివారిలో కొందరు మొదటివారవుతారని, మొదటివారిలో కొందరు కడపటివారవుతారని అన్నాడు. ఎవరెవరన్నది అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు మనకూ చెప్పలేదు.